ప్యూర్టో రికో గురించి ఒక్క ప్రశ్న అడగండి: అమెరికాలో ఓటున్న తెలుగువారికి బహిరంగ లేఖ

అమెరికాలో ఓటు హక్కున్న తెలుగు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడే పౌరసత్వం తీసుకున్న నాలాంటి పెద్దవాళ్లకు,

నమస్కారం.

పౌరసత్వ పరీక్ష కోసం మనం బట్టీపట్టిన వంద ప్రశ్నలు గుర్తున్నాయా? నేనైతే ఆ కాగితాలు ఫ్రిజ్ మీద అంటించుకుని, పప్పు ఉడికేలోపు పది, పోపు వేగేలోపు రెండు చొప్పున చదివాను. అందులో ఒకటి, అమెరికా టెరిటరీల్లో, అంటే రాష్ట్రం కాకుండా అమెరికా పాలనలో ఉన్న ప్రాంతాల్లో, ఒకదాని పేరు చెప్పమని. అయిదు పేర్లలో ఏది చెప్పినా సరిపోతుంది. నేను ప్యూర్టో రికో ఎంచుకున్నాను. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నే వచ్చింది, జవాబు చెప్పాను, ఆఫీసరు టిక్కు పెట్టుకుంది. కొన్ని వారాలకి ప్రమాణం చేయించారు. ఆ నవంబరులోనే, 2012లో, ఈ దేశాధ్యక్షుడి ఎన్నికలో ఓటు వేశాను.

ఉయ్యూరు దగ్గర పల్లెలో పుట్టి, జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి, 58 ఏళ్లకి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చినదాన్ని. నాకు ఆ హక్కు వచ్చింది. నేను జవాబుగా చెప్పిన ద్వీపంలో పుట్టినవాళ్లు 1917 నుంచీ అమెరికా పౌరులే. పరీక్ష లేదు, ప్రమాణం లేదు, పుట్టుకతోనే పౌరులు. 2020 జనాభా లెక్కల్లో దాదాపు 33 లక్షల మంది. ద్వీపంలో ఉన్నంతకాలం వాళ్లకి అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు. సెనేట్‌లో ఒక్కరూ లేరు. ప్రతినిధుల సభకి ఒకరిని పంపుతారు గానీ, సభలో బిల్లు ఓటింగుకి వచ్చినప్పుడు ఆ ఒక్కరికీ ఓటు ఉండదు.

ఇది నాకు పరీక్ష రాసేనాటికి తెలియదు. మా కింది వాటాలో ఉండే ప్యూర్టో రికో ఆవిడ వల్ల తెలిసింది. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ద్వీపాన్ని తుడిచిపెట్టాక, కరెంటు లేని ఊళ్లో ఒంటరిగా మిగిలిన తల్లిని ఆవిడ ఇక్కడికి తెచ్చుకుంది. పెద్దావిడకి అప్పటికే 82 ఏళ్లు. నాకు స్పానిష్ రాదు, ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా కందుల దగ్గర మాకు స్నేహం కలిసింది. వాళ్లు పండగ రోజుల్లో అన్నంలో కందులు వేసి వండుతారు. గాందూలెస్ అంటారు. వినగానే మన మాటలానే అనిపించి నవ్వొచ్చింది. ఆ రెండు మాటలకీ చుట్టరికం ఉందో లేదో నాకు పట్టలేదు గానీ, చలికాలం సాయంత్రాలు ఇద్దరం కూర్చుని కందికాయలు ఒలిచేవాళ్లం, కూతురు అటూ ఇటూ మాటలు అందించేది.

ఆ పెద్దావిడ 2020లో మేరీలాండ్ ఓటరుగా నమోదై, 85వ ఏట మొదటిసారి అధ్యక్షుడి ఎన్నికలో ఓటు వేసింది. ఆవిడ పౌరసత్వంలో ఏ మార్పూ లేదు. విమానమెక్కి చిరునామా మార్చుకుంది, అంతే. రేపు నేను ప్యూర్టో రికో రాజధాని శాన్ హువాన్ వెళ్లి ఇల్లు తీసుకుంటే నా ఓటు పోతుంది. పుట్టినదేశం కాని దేశంలో ఎన్నో ఏళ్లు వేచి సంపాదించుకున్న ఓటు!

కిందటి ఎన్నికల ముందు మన తెలుగువాళ్లు ఒకరింట్లో విరాళాల విందు పెట్టారు. ఒక అభ్యర్థి వచ్చారు. ప్రశ్నలుంటే చీటీల మీద రాసిమ్మన్నారు. ప్యూర్టో రికో ప్రజలకు తమ భవిష్యత్తు తేల్చుకునే ఓటు ఎప్పుడు ఇస్తారు అని రాసిచ్చాను. నిర్వహిస్తున్న అబ్బాయి, మా వాడి ఈడువాడే, చీటీ చదివి నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, టైము తక్కువుంది, మన సమస్యలు అడుగుదాం" అన్నాడు, మర్యాదగానే. హెచ్‌-1బీ గురించి అడిగారు, గ్రీన్‌కార్డు వరస గురించి అడిగారు. అడగాల్సినవే. మా అల్లుడు ఆ వరసలోనే ఏళ్లుగా నిలబడి ఉన్నాడు. కానీ ఇంటికొస్తుంటే కారులో నాకు మాట పెగల్లేదు. "మన" అన్న మాటకి అంత చిన్న గీత గీసేసుకున్నామా అనిపించింది.

ఆ రోజు నుంచి ఈ ఉత్తరం లోపల రాసుకుంటూనే ఉన్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక మనిషి జీవితంలోంచి చెబుతాను. ఆయనా నాలాగే ఎకనామిక్స్ పాఠాలు చెప్పినవాడు. ఆయన కట్టించిన ఊళ్లోనే నేనుంటున్నాను. ఆ ద్వీపానికి అయిదేళ్లు గవర్నరుగా ఉన్నాడు. పేరు రెక్స్‌ఫర్డ్ గై టగ్‌వెల్.

1891 జులై 10న న్యూయార్క్ రాష్ట్రం పడమటి కొసన సింక్లేర్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. చుట్టూ వ్యవసాయం, ఇంట్లో పండ్లూ కూరగాయలూ డబ్బాల్లో నిల్వచేసే వ్యాపారం. చిన్నప్పుడు ఉబ్బసం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ ఆయన మీద ముద్రవేసిన గురువు స్కాట్ నియరింగ్‌ని, బాల కార్మిక వ్యవస్థకి వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడుతున్నందుకు, 1915లో ఉద్యోగంలోంచి తీసేశారు. పాఠం చెప్పిన మనిషిని పాఠం వల్లే పంపేయడం 23 ఏళ్ల విద్యార్థి దగ్గరగా చూశారు. నేను 30 ఏళ్లకి పైగా పాఠాలు చెప్పాను. అలాంటిది చూసిన పిల్లవాడు రెండు దారుల్లో ఒకటి పడతాడు: నోరు మూసుకోవడం నేర్చుకుంటాడు, లేకపోతే జీవితాంతం నోరు మూసుకోలేడు. టగ్‌వెల్ రెండో రకం.

1920 నుంచి కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1925లో రాయ్ స్ట్రైకర్, థామస్ మన్రోలతో కలిసి రాసిన ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తకంలో బొమ్మలకీ ఫొటోలకీ పెద్దపీట వేశారు. దేశం ఎలా బతుకుతోందో విద్యార్థి కళ్లతో చూడాలన్నది వాళ్ల పట్టుదల. పదేళ్ల తర్వాత ఆ స్ట్రైకర్‌నే పిలిచి, పేద రైతుల బతుకుల్ని ఫొటోలు తీయించే పని అప్పగించారు. ఎండిపోయిన మొహంతో, భుజాల మీద వాలిన పిల్లలతో కూర్చున్న వలస కూలి తల్లి ఫొటో మీరూ చూసే ఉంటారు. డొరోతియా లాంజ్ 1936లో తీసిన ఆ బొమ్మ ఆ పనిలో భాగంగా వచ్చిందే.

1932లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నప్పుడు సలహాల కోసం కొలంబియా ప్రొఫెసర్లు కొందరిని చేరదీశారు. పత్రికలు వాళ్లకి "బ్రెయిన్ ట్రస్ట్" అని పేరు పెట్టాయి. అందులో టగ్‌వెల్ ఒకరు. మరుసటేడు వ్యవసాయ శాఖలో పెద్ద పదవి. కల్తీ మందులకీ అబద్ధపు ప్రకటనలకీ కళ్లెం వేసే బిల్లు తెస్తే, ప్రకటనల డబ్బు మీద బతికే పత్రికలు ఆయన మీద పడ్డాయి. 1927లో ఒకసారి రష్యా చూసి వచ్చారు కాబట్టి "ఎర్ర రెక్స్" అన్నారు. కుర్రతనంలో రాసుకున్న కవిత, చొక్కా చేతులు పైకి మడిచి అమెరికాని కొత్తగా తయారుచేస్తానన్నది, తవ్వితీసి పదేపదే అచ్చేశారు.

1935లో ఆయన చేతికి ఒక కొత్త సంస్థ వచ్చింది. కరువుతో, అప్పులతో నేల విడిచిన రైతులకి మళ్లీ నిలువనీడ చూపించడం, నగరాల మురికివాడల్లో ఉన్నవాళ్లకి పచ్చటి ఊళ్లు కట్టడం దాని పని. అలా కట్టిన మూడు ఊళ్లలో ఒకటి మేరీలాండ్‌లోని గ్రీన్‌బెల్ట్. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉన్న మీలో చాలామంది అక్కడి నాసా కేంద్రంలో పనిచేశారు, లేదా పక్కనున్న కాలేజ్ పార్క్‌లో చదివారు. పాత ఊరిలోకి మాత్రం ఎంతమంది వచ్చారో! ఒకసారి రండి. 1937 సెప్టెంబరు 30న మొదటి కుటుంబాలు దిగిన వీధులవి. 885 ఇళ్లు. పిల్లలు రోడ్డు దాటాల్సిన అవసరం లేకుండా బడికి నడిచి వెళ్లేలా కింద నుంచి దారులు తవ్వారు. నడిమధ్యలో సహకార కిరాణా దుకాణం, సినిమా హాలు. నేను రోజూ సాయంత్రం ఆ దారుల్లోనే నడుస్తాను.

ఊరి మధ్య పాత బడి గోడ మీద సున్నపురాతి శిల్పాలున్నాయి. లెనోర్ థామస్ అనే శిల్పి, అమెరికా రాజ్యాంగ పీఠికలోని మాటలని మనుషుల రూపంలో చెక్కింది. "ప్రజలమైన మేము" అన్న మాట దగ్గర నేను మొదటిసారి ఆగిపోయాను. భారత ప్రజలమైన మేము అని పిల్లల చేత అసెంబ్లీలో చదివించినదాన్ని కదా. అయితే ఆ గోడ ఎదుట నిలబడి ఇంకోటి కూడా తలుచుకోవాలి. ఈ ఊరు కట్టడంలో నల్లజాతి కూలీలు పనిచేశారు. ఇళ్లు మాత్రం తెల్లవాళ్లకే ఇచ్చారు. పీఠికని రాతిలో చెక్కించిన ఊళ్లోనే "ప్రజలు" ఎవరన్నది అలా నిర్ణయమైపోయింది. టగ్‌వెల్‌ని గౌరవిస్తూనే నేను ఈ మాట రాస్తున్నాను.

1936 చివరికి ఆయన ప్రభుత్వం వదిలి వెళ్లిపోయారు. మధ్యలో కొన్నాళ్లు న్యూయార్క్ నగర ప్రణాళికా సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. అదంతా వదిలేసి ద్వీపానికి వస్తాను.

స్పెయిన్‌తో యుద్ధంలో 1898లో అమెరికా చేతికి వచ్చిన నేల ప్యూర్టో రికో. 1900లో పౌర ప్రభుత్వం పెట్టినప్పటి నుంచీ గవర్నర్‌ని వాషింగ్టన్‌లో అధ్యక్షుడు నియమించి పంపేవాడు. విద్యాశాఖ కమిషనర్నీ, అటార్నీ జనరల్‌నీ, సుప్రీంకోర్టు జడ్జీలనీ కూడా. ద్వీపం వాళ్లు ఎన్నుకున్న శాసనసభ ఉండేది. అది చేసిన ఏ చట్టాన్నైనా అమెరికా కాంగ్రెస్ కొట్టేయవచ్చు. 1937లో ఈస్టర్ ముందటి ఆదివారం పోన్సే ఊళ్లో జాతీయవాదుల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే 19 మంది చనిపోయారు. అప్పటి గవర్నర్ బ్లాంటన్ విన్‌షిప్, జార్జియా నుంచి వచ్చిన సైనిక జనరల్. ఆయన్ని తీసేయడానికి ఆ ఊరివాళ్ల చేతిలో ఓటు లేదు.

నేలంతా చెరకు. ఒక కంపెనీ 500 ఎకరాలకి మించి భూమి ఉంచుకోకూడదని 1900లోనే అమెరికా కాంగ్రెస్ తీర్మానించింది. నలభై ఏళ్లు అది కాగితం మీదే ఉంది. కంపెనీల తోటలు వేల ఎకరాలకి పాకాయి. కూలి కుటుంబాలు ఆసామి భూమిలోనే గుడిసె వేసుకుని ఉండేవి. ఎదురు మాట్లాడితే పనితో పాటు గూడూ పోతుంది. మా చిన్నప్పుడు చెరకు బళ్ల వెంట పరిగెత్తి గడలు లాక్కునేవాళ్లం. ఆ బళ్లు తోలే పాలేర్ల గుడిసెలు ఎవరి స్థలంలో ఉన్నాయో అప్పుడు నాకు తోచలేదు. పై వాటాలో ఉండే నేను, కింది వాటా పెద్దావిడ, ఇద్దరం చెరకు ఊళ్లవాళ్లమే. ఆవిడ తండ్రి కూలి, మా నాన్న ఆసామి. కందికాయలు ఒలుస్తూ ఆవిడ తన గుడిసె గురించి చెబుతుంటే నాకు మా ఊరు వేరే వైపు నుంచి కనబడింది.

1938లో లూయిస్ మున్యోస్ మారిన్ అనే కవి, పాత్రికేయుడు కొత్త పార్టీ పెట్టాడు. జెండా మీద గడ్డిటోపీ పెట్టుకున్న కొండపల్లె రైతు బొమ్మ. నినాదం: రొట్టె, భూమి, స్వేచ్ఛ. ఊరూరా తిరిగి ఒకే మాట చెప్పాడు, ఓటు అమ్ముకోవద్దని. రెండు డాలర్లకి ఓటు కొనే రోజులవి. ఈ భాగం నేను మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. 1940లో ఆ పార్టీ ద్వీపం సొంత సెనేట్ గెలిచింది. మరుసటేడు భూచట్టం వచ్చింది. 500 ఎకరాల పరిమితి ఎలా అమలు చేయాలో చూడమని వాషింగ్టన్ పంపిన మనిషి టగ్‌వెల్. ఆ ఏడే ఆయన్ని ప్యూర్టో రికో విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా తీసుకున్నారు, ఆ వెంటనే రూజ్‌వెల్ట్ గవర్నర్‌ని చేశారు. రెండు కుర్చీలూ ఒకరికేనా అని ద్వీపంలో పెద్ద గొడవైంది. ఛాన్సలర్ పదవి వదులుకున్నారు.

1941 సెప్టెంబరు 19న ప్రమాణ స్వీకారం. మూడు నెలలు తిరక్కుండానే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి, అమెరికా యుద్ధంలోకి దిగింది. 1942లో జర్మన్ జలాంతర్గాములు కరీబియన్‌లో ఓడల్ని వరసపెట్టి ముంచాయి. చెరకు తప్ప ఏమీ పండించనివ్వని నేల అది. బియ్యం, చిక్కుడు గింజలు, ఉప్పుచేప, అన్నీ ఓడ మీద రావాలి. ఓడ రాలేదు. పెద్దావిడకి అప్పుడు ఏడేళ్లు. వాళ్లమ్మ గుప్పెడు బియ్యం గంజిలా కాచి, పచ్చి అరటికాయలు ఉడకేసి పెట్టేదని చెబుతూ గుప్పెడు అని చేతితో చూపించింది. 1943లో బెంగాల్ కరువు గురించి నేను క్లాసులో ఏటా చెప్పేదాన్ని. అదే యుద్ధంలో, అదే ఓడల లెక్కల్లో, పరాయి పాలనలో ఉన్న ఇంకో నేల కూడా పస్తులుందని నాకు 70 ఏళ్లు వచ్చాక తెలిసింది.

ఆ పరిస్థితిలో టగ్‌వెల్, మున్యోస్ ఇద్దరూ కలిసి చేసిన పని చూడండి. ఒకరు ఎన్నికైనవారు, ఒకరు పంపించబడినవారు. కాంగ్రెస్‌లో టగ్‌వెల్‌ని తీసేయాలని బిల్లులు పెడుతున్నారు, విచారణ కమిటీలు ద్వీపానికి వస్తున్నాయి, చక్కెర కంపెనీలు పళ్లు నూరుతున్నాయి. ఆ మధ్యలోనే ప్రణాళికా మండలి పెట్టారు. బడ్జెట్ కార్యాలయం, నీళ్లకీ కరెంటుకీ ప్రభుత్వ సంస్థలు, 1942లో అభివృద్ధి బ్యాంకు, తెవొడోరో మొస్కోసో నడిపిన పారిశ్రామికాభివృద్ధి సంస్థ పెట్టారు. గాజు, అట్ట, పాదరక్షల ఫ్యాక్టరీలు ప్రభుత్వమే కట్టింది. రిచర్డ్ న్యూట్రా అనే వాస్తుశిల్పిని పిలిపించి, గాలి ధారాళంగా ఆడే బడులకీ ఆస్పత్రులకీ నమూనాలు గీయించారు. విశ్వవిద్యాలయంలో ద్వీపం పిల్లల్నే అధికారులుగా తయారుచేయడానికి పరిపాలనా శాస్త్ర విభాగం పెట్టించారు. నాకు వీటన్నిటికన్నా అది గొప్పగా కనిపిస్తుంది. టీచరు బుద్ధి అనండి. గవర్నర్ భవనం లా ఫోర్తలేసాలో కూర్చున్నా, తన తర్వాత ఆ పని చేయగలిగేవాళ్లని తయారుచేయడం మీదే ఆయన చూపుంది.

పెద్దావిడ తండ్రికి ఆ రోజుల్లోనే చిన్న స్థలం వచ్చింది. పార్సేలా అంటారట. మన ఇళ్ల పట్టా లాంటిది. ఆ కాగితాన్ని తల్లి రేకు పెట్టెలో దాచిందని, తుపానప్పుడు కూడా ముందు ఆ పెట్టెనే పైకి ఎత్తామని కూతురు చెప్పింది.

ఇంత చేసిన మనిషి కూడా బయటి నుంచి వచ్చి కూర్చున్నవాడే. ఈ సంగతి ఎవరో వేలెత్తి చూపిస్తే తెలుసుకోలేదు ఆయన, కుర్చీలో కూర్చునే తెలుసుకున్నారు. గవర్నర్‌ని ద్వీప ప్రజలే ఎన్నుకోవాలని పైవాళ్లకి చెబుతూ వచ్చారు. 1943లో ద్వీప పాలనా చట్టం మార్చడానికి రూజ్‌వెల్ట్ వేసిన సంఘంలో సభ్యుడిగా అదే కోరారు. పూర్తి స్వాతంత్ర్యం మాత్రం ద్వీపానికి మేలు చేయదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో గొడవపడేవాళ్లు అక్కడ ఈనాటికీ ఉన్నారు, వాళ్ల వాదనలో బలముంది. కానీ తన కుర్చీని తనలాంటివాడికి మళ్లీ ఇవ్వొద్దన్న గవర్నర్లు ఎంతమంది ఉంటారు?

1946 సెప్టెంబరులో ఆయన దిగిపోయారు. అధ్యక్షుడు ట్రూమన్ ఆ స్థానంలో హెసూస్ పిన్యేరోని నియమించారు. అమెరికా నియమించినవాళ్లలో ద్వీపంలో పుట్టిన మొదటి గవర్నర్. 1947లో కాంగ్రెస్ చట్టం చేసింది, 1948 నవంబరులో ప్రజలు మున్యోస్ మారిన్‌ని ఎన్నుకున్నారు, 1949 జనవరి 2న ఆయన ప్రమాణం చేశారు. స్పెయిన్ కాలం నుంచి లెక్కేస్తే నాలుగు శతాబ్దాలకి పైగా గడిచాక వాళ్లు ఎన్నుకున్న గవర్నర్.

ఎన్నుకుంటే ఏం మారుతుందని అడిగేవాళ్లకి బడి సంగతి ఒకటి చెబుతాను. అమెరికన్లు వచ్చినప్పటి నుంచీ అక్కడి పిల్లల మీద ఇంగ్లీషు మీడియం రకరకాల పాళ్లలో రుద్దారు. 1946లో శాసనసభ స్పానిష్‌లోనే బోధించాలని చట్టం చేస్తే, వాషింగ్టన్‌లో ట్రూమన్ దాన్ని తోసేశారు. ఎన్నికైన గవర్నర్ వచ్చిన 1949లోనే బడుల్లో స్పానిష్ బోధనా భాష అయింది. టగ్‌వెల్ అయిదేళ్లలో ఇన్ని సంస్థలు కట్టారు గానీ, ఇది ఆయన హయాంలో జరగలేదు. అమ్మభాషలో చదువు ఎంత లోపలి విషయమో, దాని కోసం ఎంత పెనుగులాడాలో మన తెలుగువాళ్లకి తెలుసు. అలాగని ఎన్నికైనవాళ్లంతా మంచివాళ్లని నేననడం లేదు. 1948లో మున్యోస్ పార్టీయే స్వాతంత్ర్యవాదుల నోరు నొక్కే చట్టం తెచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత దాన్ని తీసేసింది కూడా అక్కడి శాసనసభే.

టగ్‌వెల్ తిరిగి పాఠాలకి వెళ్లిపోయారు, ఈసారి షికాగో విశ్వవిద్యాలయానికి. ద్వీపంలో గడిపిన ఏళ్ల గురించి "ది స్ట్రికెన్ ల్యాండ్" అని దాదాపు 700 పేజీల పుస్తకం రాశారు. తర్వాత రూజ్‌వెల్ట్ మీద, బ్రెయిన్ ట్రస్ట్ మీద పుస్తకాలు. 1968లో వచ్చిన రెండో దానికి చరిత్ర రచనకిచ్చే బాన్‌క్రాఫ్ట్ బహుమతి వచ్చింది. చివరి ఏళ్లలో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో కూర్చుని, అమెరికాకి కొత్త రాజ్యాంగం ఎలా ఉండాలో ముసాయిదాల మీద ముసాయిదాలు రాస్తూ గడిపారు. 1979 జులై 21న పోయారు, 88 ఏళ్ల వయసులో.

ఇక ఈనాటి మాట. 1952లో ద్వీపానికి సొంత రాజ్యాంగం వచ్చింది. గవర్నర్‌ని ఎన్నుకుంటున్నారు, శాసనసభని ఎన్నుకుంటున్నారు. అప్పులు 7000 కోట్ల డాలర్లు దాటాక, 2016లో అమెరికా కాంగ్రెస్ ఒక ఆర్థిక పర్యవేక్షణ బోర్డు పెట్టింది. చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు. నియమించేది అమెరికా అధ్యక్షుడు. ద్వీపం ఎన్నుకున్న గవర్నర్ బడ్జెట్ రాస్తే, దాన్ని తిప్పికొట్టే అధికారం ఈ బోర్డుది. ఆ సభ్యుల్ని ఎన్నుకునే ఓటు గానీ, వాళ్లని నియమించే అధ్యక్షుడిని ఎన్నుకునే ఓటు గానీ ద్వీపంలో ఎవరికీ లేదు. టగ్‌వెల్ ఖాళీ చేసి వెళ్లిన కుర్చీని 70 ఏళ్ల తర్వాత ఏడు కుర్చీలు చేసి మళ్లీ వేశారు. ఆయన హయాంలో పుట్టిన అభివృద్ధి బ్యాంకు 2018లో మూతపడింది. అప్పు చేసింది అక్కడి నాయకులే, అది నిజం. వాళ్లని 2019లో వీధుల్లోకి వచ్చి ప్రశ్నించింది కూడా అక్కడి ప్రజలే. ఆ జులైలో వాళ్లు రోజుల తరబడి లా ఫోర్తలేసా ముందు నిలబడి గవర్నర్ చేత రాజీనామా చేయించారు. బోర్డుని అలా దింపే వీలు వాళ్లకి లేదు.

నేనీ మాట ఎత్తినప్పుడల్లా మనవాళ్ల దగ్గర వినే జవాబు ఒకటుంది: వాళ్లు ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టరు కదా అని. ద్వీపంలో సంపాదించిన దాని మీద చాలామంది కట్టరు, నిజమే. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు మాత్రం కడతారు. అదీకాక, ఈ వాదన మన నోటికి అసలు నప్పదు. మా అల్లుడు పదిహేనేళ్లుగా అన్ని పన్నులూ కడుతున్నాడు, ఓటు లేదు, ఎందుకంటే పౌరుడు కాదు. పన్నుకి ఓటు రాదని, పౌరసత్వానికి వస్తుందని మనకి చెప్పారు. ఒప్పుకున్నాం, ఓపిక పట్టాం. మరి ఆ లెక్క ప్రకారమే ప్యూర్టో రికో పౌరులకి ఎందుకు రాదు? యుద్ధాలకి మాత్రం వాళ్లని పంపారు. ద్వీపంవాళ్ల 65వ పదాతి దళం కొరియాలో పోరాడింది, 2016లో కాంగ్రెస్ దానికి బంగారు పతకం ఇచ్చింది.

యానాం మన తెలుగు ఊరు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. లెఫ్టినెంట్ గవర్నర్‌ని ఢిల్లీ పంపుతుంది. ఆ లెఫ్టినెంట్ గవర్నర్‌కీ ఎన్నికైన ప్రభుత్వానికీ మధ్య తగాదాలు మనం చూశాం. అయినా యానాంలో ఓటు వేసేవాళ్లు లోక్‌సభకి ఎంపీని పంపుతారు, ఆ ఎంపీ విశ్వాస తీర్మానంలో ఓటు వేస్తారు, రాష్ట్రపతి ఎన్నికలో పుదుచ్చేరి ఎమ్మెల్యేలూ ఓటు వేస్తారు. శాన్ హువాన్‌లో ఉన్నవాళ్లకి అంతపాటిది కూడా లేదు.

రాష్ట్ర హోదా ఇవ్వమని అడగండి అని నేను మీకు చెప్పడం లేదు. స్వాతంత్ర్యం ఇవ్వమని కూడా కాదు. అది తేల్చుకోవాల్సింది వాళ్లు. మా కింది వాటాలోనే తల్లికి ఒక అభిప్రాయం, కూతురికి ఇంకో అభిప్రాయం. 2020 ఓటింగులో సగం కంటే కాస్త ఎక్కువమంది రాష్ట్ర హోదా కోరారు. అంతకుముందూ ఆ తర్వాతా కూడా ఓటింగులు జరిగాయి. ఏ ఒక్క దానికీ అమెరికా కాంగ్రెస్ కట్టుబడి లేదు. ఫలితాన్ని కాంగ్రెస్ అమలు చేసి తీరాలన్న బిల్లు 2022 డిసెంబరులో ప్రతినిధుల సభలో 233-191 తేడాతో నెగ్గింది. సెనేట్ దాన్ని ముట్టుకోలేదు. సెనేట్‌లో మాట్లాడటానికి ద్వీపానికి మనిషి లేడు. మనకి ఉన్నారు, ప్రతి రాష్ట్రానికీ ఇద్దరేసి.

మన దగ్గరికి విందులకి వస్తారు. మనం పిలిస్తే ఫోన్ ఎత్తుతారు. ఉగాదికి శుభాకాంక్షల వీడియోలు పంపుతారు. పాతికేళ్ల కింద మనకి ఈ పలుకుబడి లేదు, ఇప్పుడుంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. పది ప్రశ్నలు అడిగే చోట తొమ్మిది మనవి అడగండి, మా అల్లుడి వరస గురించి కూడా అడగండి. పదోది ప్యూర్టో రికో ప్రజల ఓటు గురించి అడగండి. జవాబు "చూస్తాం" అని వస్తే, ఏ తేదీలోపు చూస్తారని అడగండి.

వారాంతపు తెలుగు బడులు నడిపే అమ్మాయిలకి, అబ్బాయిలకి ఇంకో కోరిక. గ్రీన్‌బెల్ట్‌కి పిల్లల్ని తీసుకురండి. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఖాళీ. రాతి శిల్పాల దగ్గర నిలబెట్టి, పీఠికలో మొదటి మాట తెలుగులో చదివిస్తాను, ఈ ఊరు కట్టించిన మేష్టారు గురించి చెబుతాను. కింది వాటా పెద్దావిడ ఇప్పుడు తొంభైలోకి అడుగుపెట్టింది. ఎండ కాస్తే చక్రాల కుర్చీలో వస్తానంది. పిల్లలు ఆవిడని ఏమైనా అడగొచ్చు.

ఆ విందులో అడగని చీటీ నా పర్సులోనే ఉంది. మళ్లీ ఎన్నికలు వస్తున్నాయి, మళ్లీ విందులుంటాయి. ఈసారి చీటీ ఇవ్వను, లేచి నిలబడి అడుగుతాను: "ప్యూర్టో రికో ప్రజల తీర్పుకి కాంగ్రెస్ కట్టుబడి ఉండేలా చేసే బిల్లుకి మీరు ఓటు వేస్తారా, వేయరా?" ఆ గదిలో నా పక్కన మీలో ఇంకెవరైనా నిలబడతారేమోనని ఈ ఉత్తరం.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్,
గ్రీన్‌బెల్ట్, మేరీలాండ్